టేకు ఓకే అయ్యేదాకా

మద్రాసులో సినిమా పాట ఒక పూటలో తయారయ్యేది. పొద్దున్న ఎనిమిదింటికి ఖాళీగా ఉన్న హాల్లోకి తొమ్మిదయ్యేసరికి ముప్ఫై నలభై మంది వచ్చి కూర్చునేవాళ్లు. మధ్యాహ్నం భోజనాల వేళకి నాలుగు నిమిషాల పాట టేపు మీద ఉండేది. తలా ఒకరోజు వచ్చి తమ వంతు వాయించి పోవడమనేది లేదు. వయొలిన్లు, తబలా, వేణువు, వీణ, కోరస్సు, గాయకుడు, గాయని అందరూ ఒకే కప్పు కింద ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికే. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో పాట కట్టే ఇప్పటి కుర్రాళ్లకి ఇది చెబితే, అలా ఎలా కుదిరేదండీ అని అడుగుతారు. కుదిరేదాకా ఎవరూ ఇంటికి వెళ్లేవాళ్లు కాదు, అంతే.

నేను ఆ హాలుకీ కన్సోలుకీ మధ్య వైర్లు లాగిన మనిషిని. సౌండ్ అసిస్టెంటు అనేవాళ్లు. 1970ల మధ్యలో తెనాలి నుంచి మద్రాసు వెళ్లాను. రేడియోలు బాగుచేయడం వచ్చు, సోల్డరింగ్ పట్టడం వచ్చు. అంతకుమించి చేతిలో విద్యలేవీ లేవు. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం కలిపితే రెండు మూడు మైళ్ల మేర. ఆ కాస్త మేరలోనే ఏవీఎం, విజయా వాహిని, భరణి, ప్రసాద్ స్టూడియోలు. వాటి సందుల్లో మేం పనిచేసిన చోటులాంటి చిన్న రికార్డింగ్ థియేటర్లు. షూటింగులు అప్పటికే ఒక్కొక్కటిగా హైదరాబాదు దారి పడుతున్నాయి. 1976లో అక్కడ అన్నపూర్ణ స్టూడియో మొదలైంది కూడా. పాట మాత్రం మద్రాసు వదల్లేదు. వాయించేవాళ్లు అక్కడున్నారు, పాడేవాళ్లు అక్కడున్నారు. అన్నిటికంటే ముఖ్యం, వినేవాళ్లు అక్కడున్నారు.

మా పని దూదితో మొదలయ్యేది. టేపురికార్డరు హెడ్లని స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడిచేవాళ్లం. ముందురోజు తిరిగిన టేపు తాలూకు గోధుమరంగు పొడి దూదికి అంటుకొచ్చేది. ఆ పొడి ఉంటే వయొలిన్ల పైస్థాయి మసకబారుతుంది. తర్వాత మైకులు. జర్మనీ నుంచి వచ్చిన నాయ్‌మన్ మైకులు మా దగ్గర కొన్నే ఉండేవి. వాటిని చెక్కపెట్టెల్లోంచి తీయడం, పనయ్యాక తుడిచి మళ్లీ పెట్టడం నా బాధ్యత. మంచిది ఒకటి గొంతుకి. మిగతావి ఎవరికన్నది ఆరోజు పాటని బట్టి సౌండ్ ఇంజనీరుగారు తేల్చేవారు. కన్సోలుకి ఛానెళ్లు తక్కువ, హాల్లో వాద్యాలు ఎక్కువ. మనిషికొక మైకు ఇవ్వడమన్నది అప్పట్లో ఊహకి కూడా రాని సంగతి.

అందుకని మిక్సింగు సగం నేలమీదే అయిపోయేది. ఎవరు మైకుకి ఎంత దూరంలో, ఎటు తిరిగి కూర్చోవాలన్నదే మిక్సింగు. పాటలో వీణ బిట్టు ఉందనుకోండి. వీణ నాదం చిన్నది. పక్కన డోలక్ ఉంటే మింగేస్తుంది. "ఏమయ్యా, డోలక్ మాస్టార్ని ఆ మూలకి జరుపు. మధ్యలో పలక పెట్టు" అని లోపల్నుంచి స్పీకర్లో ఇంజనీరుగారి మాట వినిపించేది. గుడ్డ తొడిగిన చెక్కపలక తెచ్చి అడ్డం పెట్టేవాణ్ని. అప్పుడు డోలక్ మాస్టారికి కండక్టరు చెయ్యి కనపడదు. చెయ్యి కనపడే చోట కూర్చోబెడితే వీణ మైకులోకి డోలక్ దూరుతుంది. చివరికి వీణ ఉన్న బల్లని అడుగు ఎత్తు లేపి, మైకుని తీగలకి జానెడు దూరానికి దించి, డోలక్ కింద జంపఖానా రెండు మడతలు వేస్తే కుదిరేది. "ఆఁ, ఇప్పుడు వాయించమను" అన్న మాట వచ్చేసరికి అరగంట గడిచిపోయేది. ఆ అరగంటలో ఒక్క అడుగు టేపు కూడా తిరిగి ఉండదు. పాట సగం అక్కడే తయారయ్యేది.

ఈలోగా అవతల స్వరాలు పంచుకోవడం జరుగుతూ ఉండేది. ఆర్కెస్ట్రా ఏజెంటు ముందురోజు రాత్రే కబురు పెట్టి మనుషుల్ని కుదిర్చి ఉంచేవాడు. తెలుగువాళ్లు, తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు అందరూ ఉండేవాళ్లు. సంగీత దర్శకుడి సహాయకుడు బిట్టు పాడి వినిపిస్తే ఎవరికి వాళ్లు రాసుకునేవాళ్లు. కర్ణాటక సంగీతంలోంచి వచ్చినవాళ్లు సరిగమలు రాసుకుంటారు, కొందరు తెలుగులో, కొందరు తమిళంలో. పాశ్చాత్య పద్ధతి నేర్చినవాళ్లు అయిదు గీతల మీద గుర్తులు పెట్టుకుంటారు. ఒకే స్టాండు ముందు కూర్చున్న ఇద్దరు వయొలిన్ వాళ్లు ఒకే బిట్టుని రెండు లిపుల్లో చూసి వాయిస్తుంటే, వినేవాడికి ఒక్క వయొలిన్ అనిపించేది. భాష కలవని మనుషులు కూడా పక్కవాడి కమాను ఎటు వెళ్తోందో ఓరకంట చూసుకుంటూ ఉండేవాళ్లు. ఒకరినొకరు వినకపోతే ఆ హాల్లో బతుకు లేదు.

ఇంగ్లాండులో బీటిల్స్‌కి జార్జ్ మార్టిన్ అనే ఆయన ఉండేవారు. ఏ వాద్యం ఎక్కడ రావాలి, ఏ టేకు ఉంచాలి, ఏది పారెయ్యాలి అని తేల్చే పెద్ద. రికార్డు ప్రొడ్యూసరు అంటారు. మా దగ్గర అలాంటి కుర్చీ విడిగా లేదు. ఆ పని నలుగురు పంచుకునేవాళ్లు. సంగీత దర్శకుడు వరస కట్టేవారు. సహాయకుడు దాన్ని వాద్యాలకి పంచి, గాయకులకి నేర్పేవారు. సౌండ్ ఇంజనీరు ఏది ఎంత వినపడాలో చూసేవారు. డబ్బు పెట్టిన నిర్మాత, పక్కన దర్శకుడు సోఫాలో కూర్చుని "మాట అర్థం కావాలండీ" అని ఒకే ఒక్క ముక్క అనేవాళ్లు. పరిశ్రమంతా మామ అని పిలుచుకున్న కె.వి. మహదేవన్‌గారి పక్కన పుహళేందిగారు లేని రికార్డింగుని ఎవరూ ఊహించుకునేవాళ్లు కాదు. మహదేవన్‌గారు కవి రాసిచ్చిన పాటకే వరస కట్టేవారు. తమిళనాట పుట్టిన మనిషి తెలుగు మాటని ఎక్కడా విరగ్గొట్టకుండా వరసలో కూర్చోబెట్టారంటే, చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ మాటని విని సరిచూసుకోవడం వల్లే.

మాట అర్థం కావాలన్న నిర్మాత పట్టుదల వెనక లెక్క ఉంది. పాట చివరికి ఎక్కడ మోగుతుందో అందరికీ తెలుసు: టూరింగు టాకీసులో, రేడియోలో, పెళ్లిపందిట్లో మైక్ సెట్టు హారన్‌లో. హారన్‌లో కిందిస్థాయి నాదాలు పలకవు. గొంతు, దాని చుట్టూ వేణువు, వయొలిన్లు, డోలక్ దెబ్బ పైచప్పుడు మాత్రం మైలు దూరం పోతాయి. తెలుగు పాటలో గొంతు అంత ముందుకొచ్చి నిలబడటానికి అదొక కారణం. కన్సోలు దగ్గర పెద్ద స్పీకర్లో విన్నాక, మూలనున్న చిన్న స్పీకర్లో కూడా వినిగానీ ఇంజనీరుగారు తృప్తిపడేవారు కాదు. "రాజమండ్రిలో ఇది ఎలా వినపడుతుందో అదీ చూడు" అనేవారు.

గాయకులు పదింటికో పదకొండింటికో వచ్చేవాళ్లు. పాట కాగితాన్ని తమ సొంత పుస్తకంలోకి సొంత చేతిరాతతో ఎక్కించుకునేవాళ్లు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చిన్న గీత, గమకం ఎక్కడో చిన్న సున్న. గంటలోపల పాట గొంతులోకి వచ్చేసేది. వాయిస్ రూము అద్దం అవతల మైకుకి ఎదురుగా నేలమీద సుద్దముక్కతో గీత గీసేవాణ్ని. పల్లవికి అక్కడ నిలబడాలి. పైస్థాయికి వెళ్లేటప్పుడు అరడుగు వెనక్కి, గుసగుసలా పాడాల్సిన చోట గీత దాటి ముందుకి. 'ప', 'భ' లాంటి అక్షరాలు వచ్చినప్పుడు మొహం కాస్త పక్కకి తిప్పకపోతే మైకులో గాలి దెబ్బ పడుతుంది. యుగళగీతమైతే ఇద్దరికీ ఒకే మైకు. ఒకరి చరణం అవుతూండగా ఇంకొకరు అడుగు చప్పుడు కాకుండా ముందుకి రావాలి. గాజులు తీసి బల్లమీద పెట్టేవాళ్లు. పెద్ద గాయనీ గాయకుల కదలికలు చూస్తే, కన్సోలు మీద చెయ్యి వేయాల్సిన పని సగం తగ్గిపోయేది. గొంతుని పెంచడం, తగ్గించడం వాళ్ల పాదాలే చూసుకునేవి.

రిహార్సల్సు అయ్యాక ఏసీ ఆపేసేవాళ్లం, దాని హోరు టేపులోకి రాకుండా. తలుపు పైన ఎర్రలైటు వెలిగేది. కండక్టరు చెయ్యి లేచేది. మద్రాసు ఎండలో, ఏసీ లేని హాల్లో, ముప్ఫైమంది కదలకుండా నాలుగు నిమిషాలు. అందరికంటే పెద్ద కష్టం ఎవరిదంటే, మూడో చరణం చివర ఒకే ఒక్క గంట కొట్టాల్సిన మనిషిది. అప్పటిదాకా అందరూ బాగా వాయించి ఉంటారు. గాయకుడు ప్రాణం పెట్టి పాడి ఉంటాడు. ఆ ఒక్క దెబ్బ ముందో వెనకో పడితే పాట మొత్తం పోతుంది. ఎవరూ తిట్టేవాళ్లు కాదు. కండక్టరు "ఒన్ మోర్" అనేవాడు. గంట మనిషి తలెత్తకుండా కర్ర తుడుచుకునేవాడు.

మా ఇంజనీరుగారు అంతకుముందు కాలం కూడా చూసినవారు. టేపు రాకముందు పాటని ఫిల్ము మీద కాంతి గీతలుగా రికార్డు చేసేవాళ్లట. ఆ నెగటివ్‌ని ల్యాబులో కడిగితేగానీ వినడానికి లేదు. పాట బాగా వచ్చిందో లేదో అప్పటికప్పుడు, వాయిస్తూ ఉండగా విన్న చెవే చెప్పాలి. ఆ చెవి మీద నమ్మకంతోనే అందర్నీ ఇళ్లకి పంపేసేవాళ్లు. మాకు టేపు ఉంది కాబట్టి వెంటనే వెనక్కి తిప్పి వినేవాళ్లం. టేకు అవగానే అందరూ కన్సోలు రూము గుమ్మం దగ్గర మూగేవాళ్లు. ఎవరూ తన వాద్యం ఒక్కటే వినేవాడు కాదు. "రెండో బిజీఎంలో ఫ్లూటు కొంచెం ముందుకొచ్చింది" అని ఫ్లూటు ఆయనే అనేవాడు. బిజీఎం అంటే చరణాల మధ్య వచ్చే వాద్య సంగీతం. "బానే ఉంది, పాడే ఆవిడ అక్కడ ఊపిరి తీసుకుంది, ఫ్లూటు దాన్ని కప్పింది" అని వయొలిన్ ఆయన అనేవాడు. సంగీత దర్శకుడు ఈ మాటలన్నీ విని ఓకే అనడమో, ఇంకొకటి తీద్దామనడమో తేల్చేవారు.

మొత్తం పాట తప్పు లేకుండా ఎంతకీ రానప్పుడు బ్లేడు బయటికొచ్చేది. సెకనుకి 15 అంగుళాల వేగంతో తిరిగే టేపు మీద నిమిషం పాట 75 అడుగులు. నాలుగు నిమిషాల పాట 300 అడుగులు. అంత పొడవులో పల్లవి ఒక టేకులోంచి, చరణం ఇంకో టేకులోంచి తీసి కలపాలి. స్పూళ్లని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ, హెడ్డు మీద 'ధుబ్' అని మృదంగం దెబ్బ మొదలయ్యే చోటు పట్టుకుని, టేపు వీపు మీద పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టేవాళ్లం. గాడి ఉన్న అల్యూమినియం దిమ్మలో టేపు పరిచి, ఏటవాలుగా ఒక్క కోత. నిటారుగా కోస్తే అతుకు చోట టక్కుమంటుంది. ఏటవాలుగా కోస్తే ఒక టేకులోంచి ఇంకో టేకులోకి చెవికి తెలియకుండా జారిపోవచ్చు. వెనక తెల్ల స్ప్లైసింగ్ టేపు అంటించి గోటితో రుద్దేవాళ్లం. ఇంత చేసినా రెండు టేకుల వేగం ఒక్కటి కాకపోతే అతుకు దాగదు. అందుకే తాళం వేసే మనిషికి అందరికంటే మర్యాద ఎక్కువ.

టేపు ఖరీదైన సరుకు. ఓకే అయిన టేకు ఉంచి, మిగతావి చెరిపి మళ్లీ వాడుకునేవాళ్లు. అలా ఎన్ని గొంతులు, ఎన్ని బిట్లు చెరిగిపోయాయో లెక్కలేదు. చెరపకుండా ఉంచడమన్నది ఒక మనిషి పూనుకుంటేనే జరిగేది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు తన మొదటి పాట గురించి పదే పదే చెప్పిన సంగతి అదే. 1966 డిసెంబరు 15న, శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న సినిమాకి, కోదండపాణిగారి సంగీతంలో ఆ పాట విజయా గార్డెన్స్‌లో రికార్డయింది. అక్కడి సౌండ్ ఇంజనీరు స్వామినాథన్‌గారు ఆ టేపుని చెరపకుండా దాచి, వచ్చిన సంగీత దర్శకులకల్లా వినిపించారట. తర్వాత బాలుగారు తాను కట్టించిన రికార్డింగ్ థియేటరుకి కోదండపాణిగారి పేరు పెట్టుకున్నారు. ఒక గొంతు లోకానికి చేరాలంటే పాడినవాడి విద్య ఒక్కటే చాలదు. టేపు చెరపనివాడి చెవి కూడా కావాలి.

ఓకే అయిన పాట రెండు దారుల్లో వెళ్లేది. ఒక కాపీ షూటింగుకి. నాగ్రా మెషీన్లో వేసి చెట్ల మధ్య మోగిస్తే హీరో హీరోయిన్లు పెదాలు కదిపేవాళ్లు. ఇంకో కాపీ గ్రామఫోను కంపెనీకి. అక్కడినుంచి అది కలకత్తా దగ్గర డమ్ డమ్ ఫ్యాక్టరీకి పోయేది. మా రోజుల్లో హెచ్ఎంవీ కుక్కబొమ్మ వేసుకుని మన ఊళ్లకి వచ్చిన రికార్డులు అక్కడ అచ్చయినవే. ఈ వ్యాపారం మన దేశంలో 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటతో ఊపందుకుంది. ఆవిడ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. అప్పట్లో రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి తిరిగొచ్చేవి. ఆ గొంతు ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలి కదా. ఆలోచిస్తే, పాడిన మనిషి తన పేరు తానే చెప్పుకునే ఏర్పాటు చాలా మంచిది. తర్వాత్తర్వాత అది పోయింది. పేరు అట్ట మీదికి, లేబులు మీదికి వెళ్లింది. అక్కడ చోటు తక్కువ.

డిస్కు తయారీ నేను చూడలేదు, కటింగు సంగతులు మాత్రం ఇంజనీరుగారి దగ్గర విన్నాను. లాకర్ పూసిన పళ్లెం మీద పాటని గాడిగా కోస్తారు. దాని మీద వెండి పూత వేసి, నికెల్ మందంగా ఎక్కించి, అచ్చు మీద అచ్చు తీసి, చివరి అచ్చుతో ప్రెస్సులో వేలకొద్దీ గుద్దుతారు. పాత 78 రికార్డుల్లో అయితే లక్కే ముఖ్యమైన సరుకు. పక్కకి మూడు నిమిషాలు దాటి కాస్త పడుతుంది. మూడు నిమిషాల్లో పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో బిజీఎంలు. సినిమా పాటకి ఆ కొలత ఒంటపట్టడంలో ఈ గాడి పాత్ర చాలా ఉంది. అంతకంటే పెద్ద పాటైతే రికార్డు రెండు పక్కలా మొదటి భాగం, రెండో భాగం అని వచ్చేది. మిగతా ప్రపంచం మానేస్తున్న రోజుల్లో కూడా మన దేశంలో 78లు అచ్చవుతూనే ఉన్నాయి. 1960ల్లో బీటిల్స్ పాటలు కూడా ఇక్కడ 78లుగా వచ్చాయి.

ఎల్పీలు వచ్చాక పక్కకి ఇరవై నిమిషాలు దొరికాయి. దాంతో ఇంకో లెక్క మొదలైంది. డిస్కు అంచున గాడి పొడుగు ఎక్కువ, మధ్యకి వచ్చేకొద్దీ తక్కువ. లోపలి గాడుల్లో పైస్థాయి నాదం కాస్త పగులుతుంది. అందుకని డప్పులూ ట్రంపెట్లూ ఉన్న పాట అంచుకి, జోలపాట లాంటిది లోపలికి. సినిమాలో ఏ పాట ముందొచ్చినా రికార్డు మీద వరస వేరే ఉండేది. ఇళ్లలో మనం ఆ వరసనే కంఠతా పట్టాం. ఒక పాట ముగియగానే తర్వాతి పాట మనసులో దానంతట అదే మొదలయ్యేది.

రికార్డు ఊళ్లోకి వచ్చాక దాని బతుకు వేరు. సినిమా చూసినవాళ్ల కంటే పాట విన్నవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. 1957లో మొదలైన వివిధభారతి, అంతకుముందునుంచీ రేడియో సిలోన్, వీధి చివర హోటల్లో గ్రామఫోను, సంక్రాంతికి మైక్ సెట్టు. తెనాలిలో మైక్ సెట్టు వాళ్ల దగ్గర దాన వీర శూర కర్ణ మాటల రికార్డు వేయించుకోవడం 1977 తర్వాత ఒక వేడుక. పాటలు కావు, మాటలు. ఎన్టీ రామారావుగారి డైలాగుకి వీధిలో కుర్రాళ్లు గొంతు కలిపేవాళ్లు. ఘంటసాలగారి భగవద్గీత రికార్డు ఆయన 1974 ఫిబ్రవరిలో కన్నుమూసిన తర్వాత విడుదలైంది. శ్లోకం పాడతారు, ఆగి తాత్పర్యం చెబుతారు. తాత్పర్యం చెప్పేటప్పుడు వాద్యాలు ఎక్కడ తగ్గుతాయో, శ్లోకం మొదలవగానే ఎలా లేస్తాయో ఒకసారి శ్రద్ధగా వినండి. గొంతుకి దారి ఇవ్వడమంటే అది. ఇవాళ్టికీ ఊళ్లో పొద్దున్నే ఆ గొంతు మైకులో వినపడితే, ఎవరి ఇంట్లో అని అడుగుతాం. ఒక రికార్డు ఒక జాతి చావు ఆచారంలో భాగమైపోవడం లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

ఇదంతా చదివి ఆ రోజులే బంగారం అనుకోవద్దు. ఆ హాలు అందర్నీ ఒకేలా చూడలేదు. కోరస్ అమ్మాయిలు పొద్దున్నుంచి కూర్చుంటే సాయంత్రం రెండు ఆలాపనలు పాడించుకుని పంపేవాళ్లు. కొత్తగా వచ్చిన వాద్యకారుడు రెండు టేకుల్లో తడబడితే మర్నాడు ఏజెంటు కబురు ఆగిపోయేది. కాల్షీటుకి ఇంతని డబ్బు, అంతటితో సరి. పాట ఇరవై ఏళ్లు అమ్ముడైనా వాయించినవాడికి పైసా రాదు. సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ పూనికతో సినీ మ్యుజీషియన్స్ యూనియన్ గట్టిపడ్డాక రేట్లకి ఒక పద్ధతి వచ్చింది. పేరు మాత్రం రాలేదు. రికార్డు లేబులు మీద సినిమా పేరు, గాయకులు, కవి, సంగీత దర్శకుడు. పల్లవి కంటే ముందే ఊరంతా కూనిరాగం తీసే ఆ వేణువు బిట్టు ఎవరిదో ఏ అట్ట మీదా ఉండదు.

1980ల్లో ట్రాకులు పెరిగాయి. ఒకటి రెండయింది, నాలుగయింది, ఎనిమిదయింది, చూస్తూండగా ఇరవై నాలుగయింది. మొదట్లో అందరం సంబరపడ్డాం. గొంతు విడిగా, తాళం విడిగా. గంట మనిషి తప్పు కొడితే గంట ఒక్కటే మళ్లీ తీసుకోవచ్చు. కానీ విడిగా తీయొచ్చని తెలిశాక అందర్నీ ఒక్కచోటికి పిలవడమెందుకని నిర్మాతలు అడిగారు. తాళంవాళ్లు సోమవారం, వయొలిన్లు బుధవారం, గాయకుడు ఊళ్లో ఉన్నప్పుడు. ట్రాక్ సింగర్ ముందు పాడేస్తాడు, అసలు గాయకుడు తర్వాత వచ్చి దానిమీద పాడతాడు. ఇద్దరు కలిసి పాడిన యుగళగీతంలో ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. చెవుల్లో హెడ్‌ఫోన్లు, అందులో కాలం చూపుతూ టిక్ టిక్ మనే క్లిక్కు. తర్వాత కీబోర్డులొచ్చి వయొలిన్ల వరస పల్చబడింది. క్యాసెట్టు వచ్చి రికార్డు షాపులు మూతపడ్డాయి. ఎ.ఆర్. రెహమాన్ 1989లో కోడంబాకంలో తన ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నారు. 1992లో రోజా పాటలు వచ్చాక, పెద్ద హాలు లేకపోయినా పెద్ద శబ్దం వస్తుందని అందరికీ తెలిసింది.

ఆ శబ్దం నాకూ నచ్చింది. కిందిస్థాయి అంత శుభ్రంగా మేం ఎన్నడూ వినలేదు. ఇంకో మంచి పని కూడా రెహమాన్ చేశారు. క్యాసెట్ల అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయించారు. హాలు నిండా మనుషులున్నప్పుడు రాని పేర్లు, హాలే లేకుండా పోయాక వచ్చాయి. నా మట్టుకు నేను ఆ పాత పద్ధతిలో దేన్ని తలుచుకుంటానంటే, పాట చరణంలోకి వెళ్లగానే ఎవరూ చెప్పకుండానే కాలం ఒక్క వెంట్రుకవాసి ముందుకి జరగడం, పల్లవిలోకి వచ్చేసరికి మళ్లీ సర్దుకోవడం. గాయకుడు కాస్త ఉత్సాహపడితే తబలా వినేది, తబలాని వయొలిన్లు వినేవి. క్లిక్కు ఎవరినీ వినదు. పాత పాటల్లో ప్రాణం ఉందని జనం అనే మాటకి నాకు తెలిసిన కారణం ఇదొక్కటే. దాన్ని తిరిగి తేవాలంటే పాత మైకులూ, ఎల్పీలూ అక్కర్లేదు. నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి వాయించమంటే చాలు. అలా చేసేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు, ఖర్చుకి వెనకాడనివాళ్లు.

కొన్నాళ్ల కిందట ఒకాయన కూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల నాన్న మా హాల్లో చాలాకాలం ఫ్లూటు వాయించారు. ఆయన పోయాక ఏ పాటల్లో వాయించారో పిల్లలకి చెబుదామంటే ఇంట్లో ఒక్క ఆధారం లేదంది. కాగితం తీసుకుని గుర్తున్నవి రాశాను. ఒక్కో పాటా ఫోన్లో పెట్టి విన్నాం. బిట్టు వినగానే కొన్ని ఆయనవేనని చెప్పగలిగాను, ఊపిరి పట్టే తీరుని బట్టి. కొన్నిటి దగ్గర ఇద్దరు ముగ్గురు ఫ్లూటువాళ్ల మధ్య తేల్చలేక వదిలేశాను. ఆ అమ్మాయి ఇంకో ఇద్దరు పాత వాద్యకారుల చిరునామాలు తీసుకుని వెళ్లింది.

ఫోన్లో పాట పెడితే ఇప్పటికీ గాయకుడి పేరు, సంగీత దర్శకుడి పేరు వస్తున్నాయి. ఆ పాత పాటల హక్కులు ఉన్న కంపెనీలు వాటిని శుభ్రం చేసి మళ్లీ అమ్ముతున్నాయి, సంతోషం. వాయించినవాళ్ల పేర్లు కూడా చేర్చడానికి ఇప్పుడు చోటు కొరత లేదు, లేబులు గుండ్రంగా నాలుగంగుళాలు ఉండక్కర్లేదు. కావలసింది జాబితా. దాన్ని రాయగలిగినవాళ్లు మద్రాసులో, హైదరాబాదులో, పిల్లల దగ్గర ఇంకెక్కడెక్కడో కొద్దిమంది మిగిలారు. అందరూ డెబ్బై దాటినవాళ్లే. ఎవరైనా పూనుకుని పాట వెంట పాట వినిపించి వాళ్లని అడిగి రాసుకుంటే, ఏ పాటలో ఎవరి చెయ్యి ఉందో చాలావరకు తేలుతుంది. ఆ పని చేసేవాళ్లకి నాకు తెలిసినంత చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.